ఆర్డరుపై మనుషుల, జంతువుల విగ్రహాలు చేసే శిల్పిగా నిలదొక్కుకోవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువతకు సమగ్ర మార్గదర్శి

మన రెండు జిల్లాల్లో విగ్రహం లేని పట్టణ కూడలి అరుదు. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు, మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడు వంటి మహనీయుల జీవితాలతో ముడిపడిన నేల ఇది కాబట్టి, విగ్రహం కావాలని అడిగేవారికి ఇక్కడ కొరత లేదు. అయితే ఒక ఊరి కమిటీ విగ్రహం చేయించాలని తీర్మానించుకోగానే వారికి ముందుగా గుర్తుకు వచ్చేవి తెనాలి, కోనసీమలోని కొత్తపేట మాత్రమే. ఆ ఊళ్లలో తరతరాలుగా స్థిరపడిన పని క్రమశిక్షణ దీనికి కారణం. అటువంటి క్రమశిక్షణను మన ప్రాంతపు యువ శిల్పి కూడా అలవరచుకోవడానికి ఉపయోగపడాలని ఈ మార్గదర్శి రాస్తున్నాను.

ఇందులో చెప్పేదంతా ఒక నమ్మకం చుట్టూ తిరుగుతుంది. ఆర్డరు విగ్రహం భవితవ్యం మట్టి దశలోనే తేలిపోతుంది. పోలిక, భంగిమ, వస్త్రం, ఎత్తు, చూపు అనే అంశాలన్నీ మట్టిలో ఉండగానే నిర్ణయం కావాలి. ఆ నిర్ణయాన్ని, చెప్పే అధికారం ఉన్న వ్యక్తి చేత, రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఇది పాటించే శిల్పికి కంచు, ఫైబర్, ప్రతిష్ఠాపన అనే తరువాతి దశలు కష్టమైనా నష్టం తేవు.

మొదటి అడుగు: శరీరాన్ని చదవడం

చదువుకోదలచినవారికి దగ్గరలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ లలితకళల విభాగం ఉంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఆలయ శిల్పం వైపు మొగ్గు ఉన్నవారికి తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాలు నడిపే సాంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉపకరిస్తుంది. ఇచ్ఛాపురం, పలాస వైపు వారికి భువనేశ్వర్ రైలు దూరంలోనే ఉంది కనుక, అక్కడి లలితకళా అకాడెమీ ప్రాంతీయ కేంద్రపు శిల్పశాలలను చూసి రావడం మంచిది. డిగ్రీ చదివినా చదవకపోయినా, పని చేస్తున్న ఒక శిల్పి దగ్గర కనీసం రెండు మూడేళ్లు సహాయకుడిగా ఉండటం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఎందుకంటే అచ్చు తీయడం, కమిటీతో మాట్లాడటం, లారీలోకి విగ్రహం ఎక్కించడం అనేవి ఏ తరగతి గదిలోనూ పూర్తిగా రావు.

సాధనలో రెండు కొలమానాలను విడివిడిగా నేర్చుకోవాలి. ఆగమ శిల్పంలో ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, దేవతామూర్తికి నవతాళం, అంటే తొమ్మిది తాళాల ఎత్తు పాటిస్తారు. తాళానికి 12 చొప్పున ఇది 108 అంగుళాలు; ఈ అంగుళం తాళంలో పన్నెండో వంతు గాని, టేపు మీది అంగుళం కాదు. సజీవ మానవ శరీరంలో నిలువెత్తు సాధారణంగా తల ఎత్తుకు ఏడున్నర రెట్లు ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేస్తే గురజాడ విగ్రహం గుళ్లో ద్వారపాలకుడిలా, ద్వారపాలకుడు బస్సు కోసం నిలబడ్డ మనిషిలా కనిపిస్తారు. శ్రీముఖలింగంలోని మధుకేశ్వరాలయ గోడల ముందు స్కెచ్ పుస్తకంతో కూర్చుని గీయడం కళింగ శిల్పుల కూర్పును అర్థం చేసుకోవడానికి గొప్ప పాఠం. అయితే అది రక్షిత కట్టడం; కంటితో, పెన్సిలుతో మాత్రమే నేర్చుకోవాలి, అచ్చు తీసే ఆలోచన కూడా చేయకూడదు.

మనిషిని నేర్చుకోవడానికి శరీర నిర్మాణం చూపే వైద్య బొమ్మల పుస్తకాలు ఎంత అవసరమో పొలం గట్టు కూడా అంత అవసరం. వరి నాటే మనిషి నడుము, కావిడి మోసే మనిషి మెడ కండరం, వల విసిరే మత్స్యకారుడి భుజం తిరుగుడు మనకు రోజూ కనిపించేవే. వాటిని ఎముక, కండరం, కొవ్వు, చర్మం, వస్త్రం అనే వరుసలో లోపలి నుంచి బయటకు చూడటం అలవాటు కావాలి.

రెండవ అడుగు: జంతువులను విడిగా నేర్చుకోవడం

జంతు శిల్పానికి ప్రత్యేకంగా కాలం కేటాయించమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆలయానికి నంది, కళాశాలకు సింహం, రైతు సంఘానికి ఎడ్ల జత, వీరుడికి గుర్రం అంటూ ఆర్డర్లు వస్తూనే ఉంటాయి గాని, వాటిని సరిగా చేయగల చేతులు తక్కువ. మనిషి ముఖం తెలిసిన శిల్పి కూడా గుర్రం వెనుక కాలి దగ్గర తడబడతాడు.

అన్నిటికంటే ముందు కీళ్ల స్థానాలు తెలియాలి. గుర్రం ముందుకాలిలో మోకాలిలా కనిపించేది నిజానికి మన మణికట్టుకు సమానమైన కీలు. వెనుకకాలి మధ్యలో వెనక్కి పొడుచుకు వచ్చినది మన మడమకు సమానం. అసలు మోకాలు పొట్ట పక్కన, పైభాగాన ఉంటుంది. గుర్రం ఒక వేలి గిట్ట మీద, పశువు రెండు వేళ్ల గిట్టల మీద నిలుస్తాయి. గుర్రానికి 18 జతల పక్కటెముకలు, పశువుకు 13 జతలు ఉంటాయి కనుక గుర్రం బొడ్డు దాకా పీపాలా నిండుగా, ఆవు పక్క పల్లంగా కనిపిస్తాయి. నిలబడిన గుర్రం తన బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే మోస్తుంది. ఈ విషయం మరచి వెనుక భాగాన్ని బరువుగా చేస్తే విగ్రహం కూలబడబోతున్నట్టు ఉంటుంది. నడకలో కాళ్ల వరుస ఎడమ వెనుక, ఎడమ ముందు, కుడి వెనుక, కుడి ముందు అని సాగుతుంది. పరుగులో నాలుగు కాళ్లూ ఒక క్షణం నేల విడుస్తాయని ఛాయాచిత్రకారుడు మయ్‌బ్రిడ్జ్ 1878లో తీసిన వరుస ఛాయాచిత్రాలు చూపించాయి. ఆ క్షణంలో కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి గాని, పాత చిత్రాల్లోలా ముందుకూ వెనక్కూ చాచి ఉండవు.

అశ్వారూఢ విగ్రహం అడిగే కమిటీలు తరచుగా ఒక సందేహం వెలిబుచ్చుతాయి. రెండు కాళ్లు ఎత్తితే వీరుడు యుద్ధంలో మరణించినట్టు, ఒకటి ఎత్తితే గాయపడినట్టు నియమం ఉందని వారు విని ఉంటారు. శిల్ప ప్రపంచంలో అలాంటి నియమం ఏదీ లేదు. ఎంతో ప్రసిద్ధమైన విగ్రహాలే దానికి విరుద్ధంగా ఉన్నాయి. 1757 నాటి బొబ్బిలి యుద్ధ వీరుడు తాండ్ర పాపారాయుడి వంటి మూర్తికి భంగిమను ఎంచుకునేటప్పుడు, గుర్రం రెండు కాళ్ల మీద నిలబడితే మొత్తం బరువును ఆ రెండు కాళ్లలోని ఉక్కు, ఆపై తోక మోయాలన్న ఇంజినీరింగ్ విషయాన్ని ముందు చూడాలి.

పశువుల కోసం విజయనగరం వైపు అలమండ సంతకు, శ్రీకాకుళం వైపు నారాయణవలస సంతకు వెళ్లి గంటల తరబడి గీయాలి. ఒకే చోట వందలాది పశువులు వేర్వేరు కోణాల్లో నిలబడి ఉండే అవకాశం ఏ కళాశాలా ఇవ్వలేదు. ఒంగోలు గిత్తను చేయమన్నప్పుడు పొట్టి కొమ్ములు, నిండైన మూపురం, విసనకర్ర మడతల్లా వేలాడే గంగడోలు, పొడవైన ముఖం తప్పనిసరిగా రావాలి. చెవి కొమ్ము మొదలుకు కిందుగా, వెనుకగా ఉంటుంది. పశువులకు పై దవడ ముందుభాగాన పళ్లు ఉండవు. నోరు తెరిచిన ఎద్దుకు పై వరుస పళ్లు పెట్టిన విగ్రహాన్ని ఏ రైతు చూసినా నవ్వుతాడు.

మిగిలిన జీవులకూ మన ప్రాంతమే పాఠశాల. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే కాలంలో పక్షి రెక్క ముడుపు, మెడ వంపు దగ్గరగా గమనించవచ్చు. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లను చూడవచ్చు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు శరీరం వేరు. నేల తాబేలుకు స్తంభాల్లాంటి కాళ్లు, డోలు లాంటి డిప్ప ఉంటాయి. సముద్రపు తాబేలుకు తెడ్ల వంటి కాళ్లు, చదునైన హృదయాకారపు డిప్ప ఉంటాయి, తల లోపలికి ముడుచుకోలేదు. కూర్మావతారం ఆర్డరు ఇచ్చినవారిని ఏ తాబేలు కావాలో ముందే అడగడం మర్యాద. పెద్ద జంతువుల కోసం విశాఖలోని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది. అధ్యయనం కోసం చనిపోయిన పశువు పుర్రెను శుభ్రం చేసి దాచుకోవచ్చు గాని, వన్యప్రాణుల పుర్రెలు, కొమ్ములు, దంతాలు, గోళ్లు ఎవరు ఇస్తామన్నా తీసుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

మూడవ అడుగు: పనిశాల, మొదటి నమూనాలు

పనిశాలకు ఎత్తైన కప్పు, ఉత్తరపు వెలుతురు, లారీ వచ్చే దారి, నీటి వసతి ఉంటే చాలు. ఒక బలమైన తిరిగే బల్ల, కాలిపర్లు, చెక్క పుల్లలు, తీగ గరిటెలు, వెల్డింగ్ యంత్రం, బరువు ఎత్తే చైన్ పుల్లీ సమకూర్చుకోవాలి. మట్టికి మన కుమ్మరులు వాడే చెరువు మట్టి బాగా పనికివస్తుంది. గులకలు తీసి, నానబెట్టి, పిసికి, తడి గోనెల కింద నిల్వ చేసుకోవాలి. పెట్టుబడి కోసం, 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పకారులు కూడా ఉన్నారని గుర్తుంచుకోండి. పనిముట్లకు 15,000 రూపాయల సహాయం, హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల వరకు రుణం అందులో లభిస్తాయి.

ఆర్డరు ఇచ్చేవారు మాటలను నమ్మరు, చేసిన పనిని నమ్ముతారు. కనుక అడగకముందే మూడు పనులు పూర్తి చేసి పెట్టుకోవాలి: బతికి ఉన్న, ఊరందరికీ తెలిసిన ఒక పెద్దాయన లేదా పెద్దావిడ ఛాతీ వరకు విగ్రహం, ఫొటో ఆధారంగా చేసిన మరొకటి, ఒక జంతువు. మొదటి దాన్ని పోల్చి చూసుకునే అవకాశం ఊరందరికీ ఉంటుంది కాబట్టి దానికున్న ప్రచార శక్తి మరే ప్రకటనకూ రాదు. పనిని నాలుగు వైపుల నుంచి, పక్కనుంచి పడే వెలుతురులో, సాదా గుడ్డ ముందు ఫొటోలు తీయించుకోవాలి.

నాలుగవ అడుగు: ఆర్డరు మాట్లాడటం

కమిటీ వచ్చినప్పుడు ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. విగ్రహం ఎక్కడ పెడతారు, ఆ స్థలం ఎవరిది, అనుమతి ఉన్నదా, దిమ్మె ఎత్తు ఎంత, ఏ దిక్కుకు చూస్తుంది, నమూనాను ఆమోదించే అధికారం ఎవరిది, ఫొటోలు ఎన్ని ఉన్నాయి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. రహదారులు, కాలిబాటలు, ఇతర ప్రజా వినియోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. కూడలి మధ్యలో పెడతామని చెప్పే కమిటీకి ఈ సంగతి నెమ్మదిగా వివరించి, పాఠశాల ఆవరణ, గ్రంథాలయం, సొంత స్థలం వంటివి సూచించడం వారికీ మీకూ మంచిది. విగ్రహం పూర్తయ్యాక అనుమతి రాక, అది నెలల తరబడి గోనె కప్పుకుని పనిశాలలో నిలబడే పరిస్థితి రాకూడదు.

ధర చెప్పేటప్పుడు అడుగుకు ఇంత అనే పద్ధతిని విడిచిపెట్టండి. ఆరు అడుగుల విగ్రహాన్ని తొమ్మిది అడుగులకు పెంచితే ఎత్తు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది గాని ఉపరితలం 2.25 రెట్లు, మట్టి ఘనపరిమాణం సుమారు 3.4 రెట్లు పెరుగుతాయి. పంచె, కండువాతో నిలబడిన ఆరు అడుగుల మనిషి విగ్రహపు ఉపరితలం దాదాపు 2.5 చదరపు మీటర్లు అనుకుంటే, 5 మిల్లీమీటర్ల మందంతో పోసిన కంచు సుమారు 110 కిలోలు తూగుతుంది. తొమ్మిది అడుగులకు అదే మందంతో దాదాపు 250 కిలోలు అవుతుంది. ఈ లెక్కను కమిటీ ముందే కాగితం మీద వేసి చూపిస్తే, బేరం మర్యాదగా సాగుతుంది. లోహం ధర మారుతూ ఉంటుంది కనుక కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో అందులోనే రాయాలి. రవాణా, క్రేను, దిమ్మె, శిలాఫలకం, జీఎస్టీ ఎవరి ఖర్చో విడివిడిగా చూపాలి. పన్ను విషయం ఒక ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి.

చెల్లింపులను పని దశలకు ముడిపెట్టాలి. ఒప్పందం రోజున 40 శాతం, మట్టి నమూనా ఆమోదం రోజున 30, పోత పూర్తయ్యాక 20, అప్పగింత రోజున 10 అనే విభజన న్యాయంగా ఉంటుంది. చివరి భాగాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఆవిష్కరణకు ముడిపెట్టవద్దు. ముఖ్య అతిథి తేదీ కుదరకో, ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చో ఆవిష్కరణలు నెలల తరబడి వాయిదా పడటం మనకు అలవాటైన సంగతే. ఒప్పందంలో ఉచితంగా ఎన్ని మార్పులు చేస్తారో, ఆమోదం తరువాత కోరే మార్పుకు ఎంత తీసుకుంటారో కూడా స్పష్టంగా రాయండి.

ఐదవ అడుగు: చిన్న నమూనా, ఆర్మేచర్, మట్టి

ముందుగా ఒక అడుగు నుంచి ఒకటిన్నర అడుగుల నమూనా చేయాలి. భంగిమ, బరువు నిలిచే కాలు, వస్త్రం పడే తీరు ఇక్కడే తేలాలి. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వారి విగ్రహాన్ని ఉదాహరణగా తీసుకుంటే, కర్ణాటక సంగీత విద్వాంసుడు వయొలిన్‌ను కూర్చుని, దాని తలభాగాన్ని కుడి పాదం దగ్గర ఆనించి వాయిస్తాడు. పాశ్చాత్య పద్ధతిలో నిలబెట్టి, గడ్డం కింద బిగించి ఎత్తిపట్టించిన నమూనా సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో ఒక్క రోజు కూడా నిలవదు. హరికథకుడైన నారాయణదాసు చేతిలో చిడతలు ఎలా పట్టుకోవాలో, పాదం ఎలా కదలాలో ఒక హరిదాసుగారిని అడిగి చేయించి చూడాలి. వృత్తిని ఎరిగినవారి కంటికి నచ్చని భంగిమ పండితులకు నచ్చినా లాభం లేదు.

నమూనా ఖాయమయ్యాక, దాన్ని గళ్ల పద్ధతిలో కొలిచి పెంచి ఇనుప ఆర్మేచర్, అంటే మట్టిని లోపలి నుంచి మోసే అస్థిపంజరం లాంటి చట్రం కట్టాలి. తడి మట్టి ఘనపు మీటరుకు రెండు టన్నుల దరిదాపుల్లో బరువు ఉంటుంది కాబట్టి, ఆర్మేచర్ పొదుపు చేసే చోటు కాదు. లోపల థర్మోకోల్ లేదా చెక్క ముక్కలతో నింపి, పైన మూడు నాలుగు అంగుళాల మట్టి మాత్రమే పెడితే బరువు తగ్గుతుంది. మట్టిని వేలాడదీసి పట్టుకోవడానికి తీగకు అడ్డంగా చిన్న చెక్క ముక్కలు కట్టాలి. వేసవిలో తడి గుడ్డ, ప్లాస్టిక్ కవరు ఒక్క రాత్రి మరచినా ముక్కు, చెవులు పగులుతాయి.

ఎత్తైన దిమ్మె మీద నిలిచే విగ్రహాన్ని కింది నుంచి చూస్తారు. అప్పుడు తల చిన్నదై, గడ్డం, పొట్ట పెద్దవై కనిపిస్తాయి. కనుక మట్టి నమూనాను అసలు దిమ్మె ఎత్తుకు సమానంగా లేపి, లేదా మీరే గుంటలో కూర్చుని, జనం నిలబడే దూరం నుంచి చూసి తలను కొద్దిగా పెంచాలి, చూపును కొంచెం కిందికి వంచాలి.

ఆరవ అడుగు: పోలిక

కుటుంబ సభ్యులు విగ్రహం కాళ్లు చూడరు, ముఖం చూస్తారు. పాత స్టూడియో ఫొటోలలో ముడతలను చెరిపేసి ఉంటారు. దగ్గరి నుంచి తీసిన సెల్‌ఫోన్ ఫొటోలలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. కనుక వేర్వేరు దూరాల, వేర్వేరు వయసుల ఫొటోలు కోరాలి. విగ్రహం ఏ వయసులో ఉండాలో కుటుంబం చేత ఒకే మాటగా చెప్పించాలి, ఎందుకంటే కూతురికి గుర్తున్న తండ్రి, మనుమడికి గుర్తున్న తాత వేర్వేరు ముఖాలు. కొలత తెలియని ఫొటోకు ఒక మంచి ఆధారం ఉంది: పెద్దవారి కంటి నల్లగుడ్డు వెడల్పు దాదాపు అందరిలోనూ 12 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువగా ఉంటుంది. నేరుగా తీసిన ఫొటోలో దాన్ని కొలిచి, మిగిలిన ముఖాన్ని ఆ నిష్పత్తిలో అసలు పరిమాణానికి తేవచ్చు. కుటుంబంలో అదే దవడ, అదే చెవి ఉన్న తమ్ముడో కొడుకో ఉంటే, ఆయనను ఒక పూట కూర్చోబెట్టి పక్కవాటు చూడడం ఫొటో ఇవ్వలేని లోతును ఇస్తుంది.

కళ్లద్దాలు, మీసం, తలపాగా పెట్టేస్తే పోలిక వచ్చినట్టే అనుకోవడం ఈ వృత్తిలో పెద్ద బలహీనత. కళ్లద్దాలు లేకుండానే మనిషి గుర్తు పట్టేలా ముఖం పూర్తి చేసి, ఆ తరువాత అద్దాలు పెట్టాలి. కంచుకు రంగు ఉండదు, నీడే రంగు. కనుక కంటిపాప దగ్గర లోతుగా తొలిచి, వెలుతురు పట్టే చిన్న బుడిపె వదిలితేనే చూపు సజీవంగా ఉంటుంది.

ఏడవ అడుగు: ఆమోదం

మట్టి పూర్తయ్యాక కమిటీలో ఆమోదించే అధికారం ఉన్న ఇద్దరు ముగ్గురిని, కుటుంబం నుంచి ఒకరిని పగటి వెలుతురులో పిలవాలి. వచ్చినవారికి చెప్పడానికి తగినంత సమయం ఇవ్వాలి; శిల్పి వాదించకూడదు, రాసుకోవాలి. "ఏదో తేడాగా ఉంది బాబూ" అన్న మాట అస్పష్టంగా ఉన్నా దాదాపు ఎప్పుడూ నిజమే; ఆ తేడా ఎక్కడుందో కనుక్కోవడం మన బాధ్యత. సాధారణంగా అది కనుబొమల మధ్య దూరంలోనో, పై పెదవి పొడవులోనో, మెడ ముందుకు వంగిన తీరులోనో ఉంటుంది. మార్పులు చేసి, మళ్లీ చూపించి, నాలుగు వైపుల ఫొటోలు అంటించిన కాగితం మీద తేదీతో సంతకాలు తీసుకోవాలి. ఆ సంతకం లేకుండా అచ్చు పని మొదలుపెట్టవద్దు.

ఎనిమిదవ అడుగు: పదార్థం, పోత

కంచు ఖరీదైనా తరతరాలు నిలుస్తుంది. ఫైబర్ చవక, తేలిక, త్వరగా అవుతుంది. ఎండకు పైపొర తెల్లబారి పొడిలా రాలుతుంది కనుక మంచి జెల్‌కోట్ (పైన వేసే రక్షణ పూత), మూడు నాలుగు పొరల గ్లాస్ మ్యాట్ (గాజు పీచు చాప), లోపల ఉక్కు చట్రం, నీరు పోయే రంధ్రాలు తప్పనిసరి. సిమెంటు విగ్రహాలను సముద్రానికి దగ్గరి ఊళ్లకు నేను సిఫారసు చేయను. ఉప్పు గాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, చేతులు ముందుగా పగులుతాయి. రాతి పనికి టెక్కలి ప్రాంతపు గ్రానైట్ చేతికి అందేంత దగ్గరలో ఉంది. అది దిమ్మెలకూ, సరళమైన ఆకారాలకూ చక్కగా కుదురుతుంది గాని, ముఖంలోని సున్నితమైన పోలికకు చాలా కాలం, చాలా వజ్రపు బ్లేడ్లు తీసుకుంటుంది. గ్రానైట్ దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది, కనుక నీరు పోస్తూ కోయడం, మంచి మాస్కు వాడటం ఎప్పుడూ మానకూడదు. ఫైబర్ పనిలో మరొక ప్రాణాంతక విషయం ఉంది: రెజిన్ అనే జిగురు ద్రవంలో అది గట్టిపడటానికి కలిపే కోబాల్ట్‌నూ, హార్డెనర్‌నూ ఒకదానితో ఒకటి నేరుగా కలిపితే పేలుతాయి. ముందు ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండవది వేయాలి, రెండింటినీ వేర్వేరు అరల్లో ఉంచాలి.

మట్టి మీద సిలికాన్ రబ్బరు పూసి, దానికి బయట ప్లాస్టర్ లేదా ఫైబర్ కవచం కట్టి అచ్చు తీస్తారు. అందులో 5 మిల్లీమీటర్ల మైనం పూసి, లోపలా బయటా వేడిని తట్టుకునే పూత వేసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కంచు పోస్తారు. మైనం బరువుకు సుమారు పది రెట్లు కంచు పడుతుందని లెక్క. చల్లారేటప్పుడు కంచు ఒకటిన్నర నుంచి రెండు శాతం కుంచించుకుంటుంది. నిలువెత్తు విగ్రహానికి ఇది ఒక అంగుళానికి పైనే, కాబట్టి మట్టిలోనే కలుపుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలోని బుడితి కంచు, ఇత్తడి పనివారికి లోహాన్ని రుద్ది మెరుగుపెట్టడంలో మంచి చేయి ఉంది. పెద్ద బోలు విగ్రహాలు పోయడానికి దానికే ప్రత్యేకించిన ఫౌండ్రీకి, అంటే లోహపు పోత కర్మాగారానికి వెళ్లాలి.

ఫౌండ్రీకి అచ్చు పంపి ఊరుకోకండి. మైనం దశలో ఒకసారి వెళ్లి, అతుకులు, వేళ్లు, చెవులు స్వయంగా సరిచేయాలి. మిశ్రమం ఏమిటో రాతలో ఉండాలి; రాగి 85, తగరం 5, సీసం 5, తుత్తునాగం 5 శాతం గల మిశ్రమం విగ్రహాలకు విరివిగా వాడతారు. కంచు పేరుతో ఇత్తడి ఇచ్చి రంగు పూయడం జరిగే మోసమే కనుక, ఒక ముక్కను పరీక్ష చేయించడం మీ హక్కు. వెల్డింగ్ అతుకుల మీద శిల్పి చేతి ఆకృతి చెరిగిపోతే అక్కడ తిరిగి చెక్కించాలి. చివరి రంగును రసాయనాలతో వేడి మీద తెస్తారు. ఫెర్రిక్ నైట్రేట్ గోధుమ ఛాయ, కుప్రిక్ నైట్రేట్ ఆకుపచ్చ ఛాయ ఇస్తాయి. ఆపై మైనపు పూత వేయాలి.

తొమ్మిదవ అడుగు: దిమ్మె, గాలి, ప్రతిష్ఠాపన

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసిన ప్రాంతంలో విగ్రహానికి గాలి లెక్క వేయకపోవడం నేరంతో సమానం. తీర ప్రాంతానికి సెకనుకు 50 మీటర్ల గాలివేగాన్ని ప్రమాణంగా తీసుకుంటే, ప్రతి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. తొమ్మిది అడుగుల విగ్రహపు ఎదురు వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు దాటుతుంది కాబట్టి, పక్కకు తోసే బలం రెండున్నర వందల కిలోలకు దగ్గరవుతుంది. విగ్రహం ఫైబర్‌ది అయితే దాని సొంత బరువు ఆ బలానికి ఏమాత్రం సరిపోదు. పాదాల నుంచి దిమ్మెలోకి కనీసం రెండు అడుగులు దిగే స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్లు, దిమ్మెకు తగిన పునాది ఉండాలి. సముద్రం దగ్గర ఉప్పు గాలిని బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టీలు ఎంచుకోవాలి. కంచు లోపల మామూలు ఇనుమును నేరుగా తాకించి వదిలితే తేమలో ఇనుము త్వరగా తుప్పుపట్టి తినుకుపోతుంది. తుది లెక్కలు సివిల్ ఇంజినీరు చేత వేయించి, సంతకంతో ఫైలులో ఉంచండి.

క్రేను కట్టే పట్టీలు చేతులకూ మెడకూ కాకుండా, పోత దశలోనే పెట్టించుకున్న కొక్కేలకు తగిలించాలి. గుర్రం, ఎద్దు వంటి విగ్రహాలకు బరువు కేంద్రం ఒంటి నడిమధ్యలో కాక ముందుకాళ్ల వైపు ఉంటుంది కనుక, పట్టీని మధ్యలో కాక కొంత ముందుకు కట్టాలి.

పదవ అడుగు: హక్కులు, సంరక్షణ

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని గీసిన రూపచిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారే తొలి హక్కుదారు. శిల్పానికి ఆ మినహాయింపు వర్తించదు. వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా చేయనప్పుడు, హక్కు శిల్పిదే. ప్రభుత్వ ఆదేశంపై చేసిన పనికి మాత్రం ఒప్పందం లేకపోతే హక్కు ప్రభుత్వానికి చేరుతుంది, కాబట్టి అక్కడ మరింత జాగ్రత్తగా రాయించుకోవాలి. అదే చట్టంలోని 57వ సెక్షన్ శిల్పికి పేరు చెప్పించుకునే, వికృతీకరణను ప్రశ్నించే హక్కు ఇస్తుంది. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ నుంచి 1979లో తొలగించిన తన కంచు కుడ్యశిల్పం విషయంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ పోరాడి, 2005లో ఢిల్లీ హైకోర్టు నుంచి శిల్పం తిరిగి అప్పగింత, 5 లక్షల రూపాయల పరిహారం పొందారు. మీ విగ్రహం మీద మీ పేరు, సంవత్సరం దిమ్మెకు కాక, విగ్రహపు పాదపీఠం మీద మట్టిలోనే చెక్కండి.

అప్పగింత రోజున ఒక పుట సంరక్షణ పత్రం ఇవ్వాలి. ఏడాదికి ఒకసారి మంచినీటితో కడిగి, ఆరబెట్టి, మైనం పూసి, మెత్తటి గుడ్డతో రుద్దాలని, ఆసిడ్ గాని చింతపండు గాని వాడరాదని అందులో రాయండి. జయంతికీ వర్ధంతికీ విగ్రహానికి బంగారు రంగు వేయించడం మన దగ్గర ప్రేమగా చేసే పని. ఆ రంగు ముఖంలోని ప్రతి సన్నని గీతనూ పూడ్చి, నాలుగైదు పూతల తరువాత ఎవరి ముఖమో తెలియకుండా చేస్తుంది. కనుక రంగు వేయరాదన్న మాటను పత్రంలో పెద్ద అక్షరాలతో రాసి, కారణం కూడా వివరించి, దండ వేసే నిచ్చెనను విగ్రహానికి ఆనించకుండా దిమ్మెకు పక్కగా మెట్లు కట్టించమని కోరండి. అచ్చును కనీసం అయిదేళ్లు పొడిచోట, విప్పకుండా, విగ్రహం పేరు రాసి దాచుకోండి. తుఫానులో విరిగిన చేతికి మళ్లీ మైనం పోయాల్సి వస్తే ఆ అచ్చే ఆధారం, అదే ఊరి వారు మరొక ప్రతి అడిగినా దాని నుంచే మొదలుపెట్టవచ్చు.